రక్తస్రావము తరువాత హార్మోను మందు: మూడు ప్రశ్నలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్మల్ని మాట్లాడమని కార్యదర్శి గారు పిలిచినప్పుడు, ఏటేటా చెప్పే పిల్లల చదువు గురించే చెబుతామని వారు అనుకొని ఉంటారు. ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకొంటున్న మాకు వైద్యముతో పని ఏమిటని మీరు అడగవచ్చు. నిజమే, మేము డాక్టరు కాము, హకీము కాము. అయితే మా ఇంట్లో వచ్చిన ఒక కష్టము వల్ల ఆస్పత్రుల మెట్లు ఎక్కి దిగి, కనబడిన ప్రతి డాక్టరు గారిని ప్రశ్నలతో విసిగించి, కొన్ని సంగతులు తెలుసుకొన్నాము. అవి ముందే తెలిసి ఉంటే మా ఆపా ఎనిమిది నెలలు మంచాన పడి ఉండేది కాదు. ఆడవాళ్ళ ఒంటి సంగతులు సభలో ఎందుకని ఎవరైనా అనుకొంటే క్షమించాలి. ఆపా అనుమతి తీసుకొనే మాట్లాడుతున్నాము. "చెప్పు తమ్ముడూ, నాలాగా ఇంకొకరు పడకూడదు" అని ఆమే అన్నది.

మా ఆపా మాకంటే నాలుగేళ్ళు పెద్ద. 47వ ఏట ఒకనాటి ఉదయము రొట్టెల పిండి కలుపుతూ, తల మీద ఎవరో బండరాయి వేసినట్లు ఉందని అరిచి కూలబడింది. వెంటనే వాంతి, మెడ బిగిసిపోవడము, తెలివి తప్పడము. పెద్ద ఆస్పత్రిలో స్కాను తీస్తే మెదడు అడుగుభాగాన ఒక రక్తనాళము బుడగలాగా ఉబ్బి, పగిలిందని తేలింది. దీనినే ఎన్యూరిజమ్ అంటారు. ఆపరేషన్ చేసి ఆ బుడగ మెడకు చిన్న క్లిప్పు వేశారు. మూడు వారాలకు ఇంటికి తెచ్చుకొన్నాము. గండము గడిచిందని ఇంటిల్లిపాదీ సంతోషించాము.

కాని ఆపా కోలుకోలేదు. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ముద్ద నోట్లో పెట్టుకొంటే వికారము. ఎండాకాలములో కూడా దుప్పటి కప్పుకొనేది. "తల ఆపరేషన్ అంటే మాటలా, నీరసము ఉండదా" అన్నారు ఒకరు. "నజర్ తగిలింది" అన్నారు ఇంకొకరు. పని తప్పించుకోవడానికి పడుకొంటోందని కూడా ఒకరిద్దరు గుసగుసలాడారు. నీరసము ఎక్కువైనప్పుడల్లా దగ్గరి క్లినిక్కుకు తీసుకెళ్ళి ఒక సీసా గ్లూకోజు ఎక్కించి తెచ్చేవాళ్ళము. ఎక్కిన రోజు బాగుండేది, రెండు రోజులకు మళ్ళీ అదే స్థితి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. డాక్టరు గారు ఆపాను అడిగిన ప్రతి ప్రశ్నకు మేమో, బావగారో జవాబు చెప్పేవాళ్ళము. "బాగానే ఉందండీ, కొంచెము నీరసము, అంతే." ఆమె తలవంచుకొని కూర్చునేది. చివరకు ఒక పెద్ద డాక్టరు గారు మమ్మల్ని ఇద్దరినీ బయట బెంచీ మీద కూర్చోమని, నర్సమ్మను పక్కన ఉంచుకొని, ఆపాతోనే పావుగంట మాట్లాడారు. మేము ఎనిమిది నెలలలో తెలుసుకోలేనిది ఆయనకు ఆ పావుగంటలో తెలిసింది. రక్తములో ఉప్పు, అంటే సోడియము, తక్కువగా ఉన్నట్లు పాత కాగితాలలోనే మూడుచోట్ల రాసి ఉన్నది. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఉదయము ఎనిమిది గంటలకు తీయవలసిన కార్టిసాల్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష రాశారు. రెండూ బాగా తక్కువగా వచ్చాయి.

కారణము ఇది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి వేలాడుతూ ఉంటుంది. పాఠ్యపుస్తకాలలో పీయూష గ్రంథి అంటారు, డాక్టర్లు పిట్యూటరీ అంటారు. బడిలో హెడ్మాస్టరు ఎటువంటివాడో శరీరములో అది అటువంటిది. గొంతులోని థైరాయిడ్‌కు, మూత్రపిండాల మీద టోపీలాగా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు, స్త్రీలలో అండాశయాలకు అదే ఆజ్ఞలు పంపుతుంది. ఆపా విషయములో పగిలిన రక్తనాళము ఆ చుట్టుపక్కలదే. రక్తస్రావము వల్ల గాని, తరువాత రక్తనాళాలు బిగుసుకుపోయి రక్తము సరిగా అందకపోవడము వల్ల గాని ఆ గ్రంథి దెబ్బ తినవచ్చు. హెడ్మాస్టరు మంచాన పడితే పంతుళ్ళందరూ ఉండి కూడా బడి నడవనట్లే, కింది గ్రంథులు ఆరోగ్యముగా ఉన్నా పని చేయవు. ఇటువంటి రక్తస్రావము జరిగినవారిపై చేసిన పలు పరిశోధనలను కలిపి 2007లో ఒక అమెరికా వైద్య పత్రికలో లెక్క కడితే, నూటికి 47 మందిలో ఏదో ఒక పీయూష గ్రంథి హార్మోను లోపము కనబడింది. తరువాతి పరిశోధనలలో ఈ సంఖ్య చాలా తగ్గింది. ఎంత తగ్గినా, నెలల తరబడి తగ్గని నీరసము ఉన్నప్పుడు ఈ రక్తపరీక్షలు చేయించమని అడగడము న్యాయమే.

అందుచేత "రక్తస్రావము తరువాత హార్మోను మందు వాడవచ్చా?" అని ఎవరైనా అడిగితే ముందు మనము తిరిగి అడగవలసిన మొదటి ప్రశ్న: ఏ హార్మోను?

కార్టిసాల్, థైరాయిడ్ హార్మోనులు తగ్గినప్పుడు వాటిని బయటినుంచి ఇవ్వడము మన ఇష్టానికి వదిలిన విషయము కాదు. దాహము వేసినవానికి నీళ్ళు ఇవ్వడము వంటిది. అయితే దానికీ ఒక వరుస ఉంది. ముందు కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్ మాత్ర, ఆ తరువాతనే థైరాయిడ్ మాత్ర. తలకిందులుగా చేసి థైరాయిడ్ మాత్ర ముందు మొదలుపెడితే, ఒంట్లో మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి ప్రాణము మీదకు రావచ్చు. హైడ్రోకార్టిసోన్ సాధారణముగా రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా ఇస్తారు. నిద్ర లేవగానే వేసుకొనేది పెద్ద మోతాదు. "స్టెరాయిడ్" అన్న మాట విని భయపడి మానేసేవారు ఉన్నారు. ఇక్కడ ఇస్తున్నది శరీరము చేసుకోలేకపోతున్నంత మాత్రమే. దానిని హఠాత్తుగా మానకూడదు. జ్వరము వస్తే మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల సూదిమందు వేయించుకోవాలి. ఈ సంగతులు రాసిన చిన్న కార్డు ఆపా పర్సులో ఎప్పుడూ ఉంటుంది.

రంజాన్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. ఆపా ఏనాడూ రోజా విడిచిన మనిషి కాదు. మధ్యాహ్నపు మాత్ర మానేసి ఉంటానన్నది. డాక్టరు గారు వద్దన్నారు. ఈ లోపము ఉన్నవారికి ఉపవాసము ప్రమాదకరము కావచ్చు. రోగికి దీనులో సడలింపు ఉన్నదని మనందరికీ తెలుసు. తెలిసినా మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ సడలింపును తమకు వర్తింపజేసుకోరు. ఇంట్లోని మగవాళ్ళము, పెద్దలము ఆ మాట ముందుగా, రంజాన్‌కు ఒక నెల ముందే, చెప్పాలి.

మాత్రలు మొదలైన పది రోజులకు ఆపా లేచి వంటింట్లోకి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పండుగే.

ఏడాది గడిచేసరికి రెండవ సమస్య వచ్చింది. ఆమెకు బహిష్టులు తప్పుతూ తప్పుతూ ఆగిపోయాయి. మన దేశపు స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ళకే వస్తుంది, పాశ్చాత్య దేశాలలో 51కి. రాత్రిళ్ళు ఒంట్లోనుంచి ఆవిర్లు లేచి, చెమటతో బట్టలు తడిసి, నిద్ర లేక, పగలంతా చిరాకు. ఇది కూడా పీయూష గ్రంథి లోపమేనా అని రక్తపరీక్ష చేయించారు. అండాశయాలకు పీయూష గ్రంథి పంపే ఆజ్ఞ హార్మోను బాగా పెరిగి ఉంది. అంటే హెడ్మాస్టరు గట్టిగానే పిలుస్తున్నాడు, అండాశయాలు వయసు మీద విశ్రాంతి తీసుకొన్నాయి. ఇది రోగము కాదు, వయసు. కాని బాధ బాధే.

అప్పుడే ఒక బంధువు తాను వాడుతున్న ఈస్ట్రోజెన్ మాత్రలు తెచ్చి ఆపా చేతిలో పెట్టింది. "నాకు వారములో తగ్గింది, నువ్వూ వేసుకో." బావగారు అదే మాత్ర ఇంకో రెండు అట్టలు కొనుక్కు రావడానికి బయలుదేరారు కూడా. మేము ఆపాము. ఆపడానికి కారణము మా తోటి ఉపాధ్యాయుని ఇంట్లో జరిగిన సంగతి.

వారి బంధువు ఒకామె, 36 ఏళ్ళది. ఉమ్రా ప్రయాణానికి ముందు బహిష్టు వాయిదా వేసుకోవాలని, ఎవరినీ అడగకుండా నోరెథిస్టెరోన్ మాత్రలు కొని వారాల తరబడి మింగింది. మన ఇళ్ళల్లో ప్రయాణాలకు, పెళ్ళిళ్ళకు ఈ మాత్రలు ఎంత తేలికగా వాడుతున్నారో మీకు తెలియనిది కాదు. ఆ మందులో కొంత భాగము శరీరములో ఈస్ట్రోజెన్ రకముగా మారుతుంది, రక్తము గడ్డకట్టే స్వభావాన్ని పెంచవచ్చు. ఆమెకు పది రోజులు తలనొప్పి, ఆ తరువాత ఫిట్లు. స్కానులో మెదడులో రక్తము కనబడింది. అయితే ఆమెకు నాళము పగలలేదు. మెదడు నుంచి రక్తము తిరిగి వెళ్ళే సిరలో గడ్డ అడ్డుపడి, వెనుక ఒత్తిడి పెరిగి రక్తము కారింది. మురుగుకాలువ పూడితే నీళ్ళు వీధిలోకి పొంగినట్లు. ఆమెకు ఇచ్చిన చికిత్స వింటే ఆశ్చర్యపోతారు. మెదడులో రక్తము కారుతున్నా, రక్తాన్ని పల్చబరిచే సూదిమందే ఇచ్చారు. అడ్డు తొలగాలి కదా. ఆమె బ్రతికింది. కాని ఇక మీదట ఈస్ట్రోజెన్ మాత్రల జోలికి పోవద్దని, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ సంగతి ముందు చెప్పాలని కాగితము మీద రాసి ఇచ్చారు.

కనుక రెండవ ప్రశ్న: రక్తము ఎందుకు కారింది? రక్తపోటు వల్ల లోపలి సన్నని నాళము చిట్లిందా? ఎన్యూరిజమ్ పగిలిందా, పగిలితే దానిని మూసేశారా? సిరలో గడ్డ కట్టిందా? పీయూష గ్రంథిలో ఉన్న కణితిలోనే రక్తము కారిందా? ఊళ్ళో అందరమూ వీటన్నిటినీ "తలలో నరము తెగింది" అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాము. ఆ ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు రోగాలు ఉన్నాయి, హార్మోను విషయములో నాలుగింటికీ జవాబు ఒకటి కాదు. ఆస్పత్రివారు ఇచ్చే డిశ్చార్జి కాగితములో ఈ కారణము రాసి ఉంటుంది. దానిని బీరువాలో పెళ్ళి నగలతోపాటు భద్రము చేయండి.

మూడవ ప్రశ్న: ఏ దారిన, ఎంత మోతాదు, ఎంత కాలము?

ఈ మందుకు ఒక చరిత్ర ఉంది. 1942లో అమెరికాలో ప్రెమారిన్ అనే ఈస్ట్రోజెన్ మాత్ర అమ్మకానికి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ఒక పుస్తకము రాసి, బహిష్టు ఆగడము ఒక లోపమనీ, ఈ మాత్రతో స్త్రీ ఎప్పటికీ యౌవనముగా ఉంటుందనీ ప్రచారము చేశాడు. లక్షలాది మంది మింగారు. 1975లో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన స్త్రీలలో గర్భాశయపు క్యాన్సరు ఎక్కువని తేలింది. అప్పటినుంచి గర్భసంచి ఉన్నవారికి దానితోపాటు ప్రొజెస్టెరోన్ రకము మందు కూడా ఇస్తున్నారు. తరువాత 16,608 మంది స్త్రీల మీద జరుగుతున్న ఒక పెద్ద పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. రెండు మందులూ కలిసిన మాత్ర వేసుకొన్న పదివేల మందిలో, ఏడాదికి 8 మందికి ఎక్కువగా పక్షవాతము, 8 మందికి ఎక్కువగా రొమ్ము క్యాన్సరు వచ్చాయి. తుంటి ఎముక విరగడము మాత్రము 5 మందిలో తగ్గింది. ఈ వార్త విని లోకమంతా భయపడి మందు మానేసింది.

అంత పొగడ్తా అతియే, అంత భయమూ అతియే. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయసు 63. బహిష్టు ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టినవారి లెక్క అంత చెడ్డగా లేదని తరువాత విడమరచి చూసినప్పుడు తెలిసింది. ఇంకొక సంగతి: పెరిగిన పక్షవాతము చాలావరకు గడ్డకట్టే రకమే గాని రక్తము కారే రకము కాదు. నోటితో మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి పోయి, గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మము మీద రాసే జెల్, అంటించే పట్టీ ఆ దారిన పోవు. 2010లో అచ్చయిన ఒక బ్రిటిష్ పరిశోధనలో మాత్రలు వేసుకొన్నవారికి పక్షవాతము నూటికి 28 వంతులు ఎక్కువగా కనబడింది, తక్కువ మోతాదు పట్టీ వాడినవారిలో పెరుగుదల కనబడలేదు. అయితే ఈ లెక్కలన్నీ ఎక్కువగా ఇదివరకు రక్తస్రావము లేనివారివి. 2001లో పక్షవాతము వచ్చిన 664 మంది స్త్రీలకు ఈస్ట్రోజెన్ మాత్ర ఇచ్చి చూసినా, వారు గడ్డకట్టే రకమువారే, వారికి మేలు జరగలేదు. కనుక రక్తస్రావము జరిగినవారికి మందు పెట్టెలోని కాగితము చదివి గాని, పక్కింటివారి అనుభవము విని గాని నిర్ణయము చేయలేము. నరాల డాక్టరు, స్త్రీల డాక్టరు ఇద్దరూ ఒకే ఫైలు చూసి చెప్పాలి.

ఇంకొక ప్రశ్న మన ఇళ్ళల్లో తప్పక వస్తుంది. ఆపా అడిగింది కూడా. ప్రెమారిన్ గర్భముతో ఉన్న గుర్రాల మూత్రము నుంచి తీస్తారు. ఆ పేరే ఆ ఇంగ్లీషు మాటల నుంచి వచ్చింది. ఇప్పుడు జెల్‌లలో, పట్టీలలో వాడే ఈస్ట్రడయోల్ సోయా, అడవి దుంపల వంటి మొక్కల పదార్థము నుంచి చేస్తారు. అది మన శరీరములో ఉండే హార్మోను వంటిదే. థైరాయిడ్ మాత్ర కూడా నేడు కృత్రిమముగా తయారైనదే. ప్రొజెస్టెరోన్ గొట్టాల పై పొర జెలటిన్‌తో చేస్తారు. అది ఏ జంతువుదో అడగవచ్చు. ఏది తగునో ఏది తగదో చెప్పడము మా పని కాదు, ఆలిములను అడగండి. కాని అనుమానము మనసులో పెట్టుకొని, డాక్టరు ముందు తల ఊపి, ఇంటికి వచ్చి మందు పారేయవద్దు. అడిగితే వేరే మందు దొరకవచ్చు.

ఆపా ఏమి చేసిందని మీరు అడుగుతారు. ఈసారి మేము నోరు మూసుకొని కూర్చొన్నాము. ఆమే డాక్టరమ్మ గారితో మాట్లాడింది. క్లిప్పు సరిగా ఉన్నదని ముందు ఆంజియోగ్రాము తీసి చూశారు. బి.పి. ఆరు నెలలు అదుపులో ఉన్నాక ఆలోచిద్దామన్నారు. ఈ లోపల ఈస్ట్రోజెన్ కాని మందులు కూడా ఉన్నాయని చెప్పారు, వాటిలోనూ కొన్ని బి.పి.ని పెంచేవి, కొన్ని రక్తము కారే స్వభావాన్ని కొద్దిగా పెంచేవి ఉన్నాయి గనుక చూసి ఎంచాలన్నారు. బాధ మూత్రమార్గము దగ్గర, మరుగు చోట మాత్రమే ఉన్నవారికి అక్కడే రాసుకొనే తక్కువ మోతాదు మందు ఉందనీ, అది రక్తములోకి చాలా కొద్దిగానే పోతుందనీ వివరించారు. సిగ్గుతో ఇది చెప్పుకోలేక ఏళ్ళ తరబడి మంటతో బాధపడే తల్లులు మన మధ్యన ఉన్నారు. ఆరు నెలల తరువాత కూడా ఆపాకు నిద్ర పట్టలేదు. లాభనష్టాలు విని, "ఏడాది వాడి చూస్తాను, ప్రతి మూడు నెలలకు బి.పి. చూడండి, వద్దంటే మానేస్తాను" అన్నది. తక్కువ మోతాదు జెల్, రాత్రి ప్రొజెస్టెరోన్ గొట్టము. ప్రస్తుతము వాడుతున్నది. ఇది ఆపాకు తగిన జవాబు. ఆ 36 ఏళ్ళ అమ్మాయికి ఇది తగదు. మీ ఇంట్లో ఎవరికి ఏది తగునో వారి కాగితాలు, వారి డాక్టర్లు చెప్పాలి.

ఏ మందు వాడినా వాడకపోయినా ఒక్కటి మాత్రము అందరికీ పనికి వస్తుంది. 2001లో ప్రకటించిన ఒక పరీక్షలో, ఇదివరకు పక్షవాతము వచ్చిన 6,105 మందిని తీసుకొని బి.పి. మందులు ఇస్తే, మళ్ళీ మెదడులో రక్తస్రావము రావడము సగానికి తగ్గింది. బి.పి. మాత్ర చవకైనది, ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ దొరుకుతుంది. అప్పడాలు, ఊరగాయలు తగ్గించాలి, ఇంట్లో మగవారి బీడీ సిగరెట్లు మానాలి. బిర్యానీలో ఉప్పు తగ్గితే అల్లుడు అలుగుతాడని భయపడవద్దు.

ఇక ముగిస్తాము. ఈ సంఘము సభ్యులకు మా మనవి రెండే. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మీ ఇంటి ఆడవాళ్ళ తరఫున మీరు జవాబు చెప్పవద్దు, వారినే చెప్పనివ్వండి. మగ డాక్టరు ముందు సంకోచిస్తే మన సంఘములోని చదువుకొన్న అక్కచెల్లెళ్ళు ఒకరు తోడు వెళ్ళండి. రెండవది, ఒకరి చీటీ మీద ఇంకొకరు మందు కొనవద్దు. ఏ హార్మోను, రక్తము ఎందుకు కారింది, ఏ దారిన ఎంత కాలము: ఈ మూడు ప్రశ్నలు ఒక కాగితము మీద రాసుకొని వెళ్ళండి. మేము వెళ్ళలేదు. మా ఆపా ఎనిమిది నెలలు పోగొట్టుకొంది.